సీటు మీద కర్చీఫ్: హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు ఢిల్లీ బండి ఎక్కిన కథ

ఈ వారం ఎపిసోడ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ గురించి మాట్లాడుకున్నాం. మాటల్లో తేదీలూ పేర్లూ కలగాపులగం అయిపోతాయి, అందుకని ఆ కథను మొదటి నుంచి ఇక్కడ రాసి పెడుతున్నాను. ఎపిసోడ్ వినకపోయినా ఫర్వాలేదు, ఇది చదివితే అర్థమవుతుంది. నేనుండేది అల్ఫారెట్టాలో. ఇక్కడ ఈ ఆటను సాకర్ అంటారు, ఫుట్‌బాల్ అంటే చేత్తో పట్టుకుని పరిగెత్తేది. ఈ రాతలో మాత్రం ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేదే.

2025 అక్టోబర్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ లేకుండా పోయింది. మ్యాచ్ ఓడి కాదు, కింది లీగ్‌కు పడిపోయి కాదు. యజమానులైన బీసీ జిందాల్ గ్రూపు జట్టును ఢిల్లీకి మార్చి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టింది. అంతే. అంతకు మూడున్నరేళ్ళ ముందు, 2022 మార్చిలో, ఇదే జట్టు ఇండియన్ సూపర్ లీగ్ కప్పు ఎత్తింది. ఒకప్పుడు కప్పు గెలిచిన జట్టు ఒక ప్రకటనతో ఊరు మారిపోయింది. డెక్కన్ లీజియన్ అని పేరు పెట్టుకుని గచ్చిబౌలి స్టేడియంలో డప్పులు కొట్టిన అభిమానులకు మిగిలింది పసుపు జెర్సీలు.

"కంపెనీలకు ఆట అక్కర్లేదు, బ్రాండ్ చాలు" అని అభిమానులు తిడతారు. ఆ కోపంలో న్యాయం ఉంది కానీ, నా ఉద్దేశంలో అది సగం మాటే. అసలు సంగతి తెలియాలంటే, యజమాని కొన్న వస్తువు ఏమిటో ముందు చూడాలి.

మనకు తెలిసిన పోలికే చెబుతాను. ఆర్టీసీ బస్సు ప్లాట్‌ఫాం మీదకు రాగానే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టుకుంటాం కదా. కర్చీఫ్ ఎవరిది, ఏ రంగు అన్నది ఎవరూ చూడరు. విలువంతా సీటుది. ఫ్రాంచైజీ లీగ్‌లో కంపెనీ కొనేది ఆ సీటు. జట్టు పేరు, రంగు, చిహ్నం, ఊరు, ఇవన్నీ దాని మీద వేసిన కర్చీఫ్. సీటు తమదైనంత కాలం కర్చీఫ్ తీసి ఇంకోటి వేయడానికి అడ్డు చెప్పేవాళ్ళెవరూ లేరు.

ఇండియాలో ఈ బస్సు బయల్దేరింది 2010లో. ఆ ఏడాది డిసెంబర్‌లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 15 ఏళ్ళకు వాణిజ్య హక్కులన్నీ ఐఎంజీ-రిలయన్స్‌కు రాసిచ్చింది. ఒప్పందం విలువ 700 కోట్ల రూపాయలు. ఆ హక్కుల మీద 2014లో ఎనిమిది జట్లతో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైంది. సినిమా హీరోలు, క్రికెటర్లు యజమానుల పక్కన కూర్చున్నారు. కోల్‌కతా జట్టుకు స్పెయిన్‌లోని అట్లెటికో మాడ్రిడ్ పేరూ, దాని ఎర్ర తెల్ల చారల చొక్కా తెచ్చి తొడిగారు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఉన్న ఊళ్ళో! కింది లీగ్‌కు పడిపోవడమన్నది అప్పుడు ఈ లీగ్‌లో లేదు. అడుగున నిలిచినా వచ్చే ఏడు సీటు సీటే.

2019 వేసవిలో పుణె సీటు ఖాళీ అయింది. ఎఫ్‌సీ పుణె సిటీ డబ్బు కష్టాల్లో పడి మూతపడింది. ఆ స్థానాన్ని విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని తీసుకుని, ఆగస్టు 27న హైదరాబాద్ ఎఫ్‌సీని ప్రకటించారు. తర్వాత రానా దగ్గుబాటి కూడా సహయజమానిగా చేరారు. అదే ఆగస్టులో ఢిల్లీ డైనమోస్ జట్టు మూటాముల్లె సర్దుకుని భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే 2019లో పుణె నుంచి హైదరాబాద్‌కు ఒక సీటు, ఢిల్లీ నుంచి ఒడిశాకు ఇంకొకటి. ఆరేళ్ళ తర్వాత హైదరాబాద్ సీటు ఢిల్లీకి. మ్యూజికల్ చైర్స్ ఆటలో పాట ఆపే చెయ్యి ఎప్పుడూ అభిమానిది కాదు. 2025లో హైదరాబాద్ వాళ్ళకు తగిలిన దెబ్బ 2019లో పుణె వాళ్ళు తిన్నదే. ఆ రోజు మనవైపు నుంచి పుణె కోసం కన్నీళ్ళు పెట్టినవాళ్ళు తక్కువ.

కొత్త జట్టు చిహ్నంలో చార్మినార్ మినారు పెట్టారు, కోహినూర్ పెట్టారు. ఊరి ఫుట్‌బాల్ వారసత్వం గురించి గొప్పగా చెప్పుకున్నారు. ఆ వారసత్వం నిజమైనదే, కంపెనీలు కల్పించింది కాదు. కాబట్టి అక్కడికి వెళ్దాం.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచింది. అదే ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. మళ్ళీ 51లో, 52లో, 53లో, 54లో. వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ హైదరాబాద్ పోలీసులదే. వెనకున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. బడిలో పాఠాలు చెప్పే మాస్టారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఆయనే ఇండియా కోచ్‌గా 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ స్వర్ణం తెచ్చారు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్ళారు, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్ళీ స్వర్ణం తెచ్చారు. అప్పటికే కాన్సర్. 1963 జూన్‌లో పోయారు. 2024లో అజయ్ దేవ్‌గణ్‌తో వచ్చిన మైదాన్ సినిమా ఆయన గురించే. మెల్‌బోర్న్ జట్టులో నూర్ మహ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ మన జంట నగరాల కుర్రాళ్ళు. బలరామ్‌ది సికింద్రాబాద్ అమ్ముగూడ.

ఆ జట్టు యజమాని ఎవరు? పోలీసు శాఖ. అభిమానులు కాదు, సభ్యులు ఓట్లు వేసి ఎన్నుకున్న కమిటీ కాదు. సర్కారు శాఖే. దాన్ని బంగారు కాలం అని పొగిడేటప్పుడు ఈ మాట మింగేయకూడదు. కానిస్టేబుల్ ఉద్యోగం, నెల జీతం, సాయంత్రం ప్రాక్టీసు, అదీ వ్యవస్థ. కలకత్తా క్లబ్బులు ఎక్కువ డబ్బిస్తామంటే మంచి ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. తర్వాత నయీముద్దీన్, హబీబ్ కూడా అదే దారి పట్టారు. రహీం పోయాక జట్టు మెల్లగా వెనకబడింది, ఊళ్ళో ఆట కూడా. అయితే ఒక తేడా ఉంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును ఎవరైనా ఢిల్లీకి మార్చగలరా? ఆ ఊరి పోలీసు కాబట్టే అది ఆ జట్టు. రాష్ట్రం మారినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అని పేరు మారింది, ఆ పేరుతో కూడా 1961లో డ్యూరాండ్ గెలిచారు. పేరు మారడానికి కారణం ఊరి చరిత్రలో ఉంది, ఎవరి ఖాతా పుస్తకంలోనో లేదు. జట్టు చావొచ్చు గానీ వలస పోలేదు.

హైదరాబాద్‌కు సీటు దెబ్బ మొదటిసారి తగిలింది ఫుట్‌బాల్‌లో కాదు, క్రికెట్‌లో. గుర్తుందా, డెక్కన్ చార్జర్స్? 2008లో అడుగున నిలిచి, 2009లో గిల్‌క్రిస్ట్ సారథ్యంలో ఐపీఎల్ గెలిచారు. ఎన్నికల వల్ల ఆ ఏడు టోర్నమెంట్ మొత్తం దక్షిణాఫ్రికాలో జరిగింది, కప్పు జొహానెస్‌బర్గ్‌లో ఎత్తారు. 2010లో తెలంగాణ ఉద్యమం నడుస్తుండగా సొంత మ్యాచ్‌లు నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలలో ఆడారు. 2012 సెప్టెంబర్‌లో, యజమాని డెక్కన్ క్రానికల్ కంపెనీ అప్పుల్లో ఉండగా, బీసీసీఐ ఫ్రాంచైజీని రద్దు చేసింది. సీటును చెన్నైకి చెందిన సన్ టీవీ కొంది, సన్‌రైజర్స్ వచ్చింది. అక్కడ ఊరి అదృష్టం ఏమిటంటే కొత్త యజమాని హైదరాబాద్‌లోనే ఉంచాడు. క్రికెట్‌కు గిరాకీ ఉంది కాబట్టి.

ఫుట్‌బాల్ జట్టు మొదటి రెండేళ్ళ కథ చూస్తే చార్జర్స్ కథ మళ్ళీ వింటున్నట్టే ఉంటుంది. 2019-20లో హైదరాబాద్ ఎఫ్‌సీ పది జట్లలో పదోది. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. యజమానులు కోచ్‌కు టైమిచ్చారు, ఇండియన్ కుర్రాళ్ళను నమ్మారు. కోవిడ్ వల్ల లీగ్ అంతా గోవాలోనే. 2021-22 సీజన్‌లో బార్తలోమ్యూ ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న ఫటోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. రెండు జట్లదీ పసుపు రంగే. పట్టికలో పైన నిలిచింది మనం కాబట్టి పసుపు మనకే దక్కింది, బ్లాస్టర్స్ వేరే జెర్సీతో దిగారు. స్టాండ్స్ నిండా మాత్రం పసుపు వేసుకున్న మలయాళీలే. 68వ నిమిషంలో కేరళ గోల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు, 3-1.

కప్పు గెలిచిన ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా గచ్చిబౌలిలో జరగలేదు. చార్జర్స్ కప్పు దక్షిణాఫ్రికాలో, ఎఫ్‌సీ కప్పు గోవాలో. హైదరాబాద్ పేరు మీద గెలిచిన ఈ రెండు కప్పుల్నీ హైదరాబాద్ టీవీలోనే చూసింది.

మరి 2022లో బ్రాండ్ కావాలా ఆట కావాలా అని యజమానిని అడిగితే, రెండూ ఇచ్చాడు. అందుకే కోపం సగం మాటే అన్నాను. ఆ తర్వాతి ఏడాది కూడా లీగ్ పట్టికలో రెండో స్థానం. డబ్బు ఆగిపోయాక కథ తిరగబడింది. మనోలో గోవా వెళ్ళిపోయాడు. ఆటగాళ్ళకు జీతాలు అందలేదు. ఒగ్బెచే బకాయిల విషయంలో ఫిఫా కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా నిషేధం పెట్టింది. విదేశీయులు, సీనియర్లు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24 సీజన్‌ను కోచ్ తంగ్‌బోయ్ సింగ్తో చాలావరకు కుర్రాళ్ళతో లాక్కొచ్చాడు. 22 మ్యాచ్‌లలో ఒకే ఒక్క గెలుపు. ఛాంపియన్ అయిన రెండేళ్ళకు చిట్టచివరి స్థానం. 2024లో బీసీ జిందాల్ గ్రూపు కొన్నది ఆ స్థితిలో ఉన్న జట్టును. ఒక సీజన్ హైదరాబాద్‌లో ఆడించి, తర్వాత తమ ఊరికి తీసుకుపోయారు.

జిందాల్ వాళ్ళ వైపు నుంచి కూడా చూద్దాం. బాకీల్లో మునిగిన జట్టును కొన్నారు. 2025 జూలైలో లీగ్ నిర్వాహకులే, పదిహేనేళ్ళ ఒప్పందం ముగింపుకొస్తోందని, కొత్త సీజన్‌ను నిలిపి పెట్టారు. వ్యాపారం తమదీ, మనుషులు తమవాళ్ళూ ఉన్న ఢిల్లీలో అయితే నడపగలమనుకున్నారేమో. వ్యాపారి లెక్కకు అది అన్యాయం కాదు. చిక్కేమిటంటే, ఆ లెక్కలో ఊరికి ఒక గడి కూడా లేదు. అడగాల్సిన పని లేదు, ముందు చెప్పాల్సిన పని లేదు, వెళ్ళేటప్పుడు ఏమీ వదిలి వెళ్ళాల్సిన పని లేదు.

ఈ సీటు పద్ధతికి పుట్టిల్లు నేనుండే దేశమే. 1876లో బేస్‌బాల్ నేషనల్ లీగ్ పెట్టినప్పటి నుంచి అమెరికాలో లీగ్ అంటే యజమానుల సంఘం. ఇంగ్లండ్‌లో ఆఖరున నిలిస్తే కింది లీగ్‌కు పడతావు, కింద గెలిస్తే పైకొస్తావు. ఇక్కడ ఆ మెట్లు లేవు. దీని ఫలితాలు చూడాలంటే మాకు దూరం వెళ్ళాల్సిన పని లేదు, జీఏ 400 మీద దక్షిణానికి అరగంట వెళితే అట్లాంటా.

అట్లాంటా తన ఐస్ హాకీ జట్టును రెండుసార్లు పోగొట్టుకుంది. ఫ్లేమ్స్ 1980లో కెనడాలోని కాల్గరీకి పోయింది. థ్రాషర్స్ 2011లో విన్నిపెగ్‌కు పోయింది. ఒకే ఊరు, ఒకే ఆట, రెండుసార్లూ కెనడాకే! థ్రాషర్స్ రికార్డులు కూడా లెక్కలో విన్నిపెగ్ జట్టుతోనే వెళ్ళిపోయాయి. ఫుట్‌బాల్‌లో కూడా పాత కథ ఉంది. 1967లో బేస్‌బాల్ జట్టు బ్రేవ్స్ యజమానులు అట్లాంటా చీఫ్స్ పెట్టారు. 1968లో, ఇంగ్లండ్ లీగ్ అప్పుడే గెలిచి ఇక్కడికి పర్యటనకొచ్చిన మాంచెస్టర్ సిటీని చీఫ్స్ ఒకసారి 3-2తో, మళ్ళీ 2-1తో ఓడించారు. ఆ ఏడాది అమెరికా లీగ్ కూడా గెలిచారు. అయిదేళ్ళకు, 1973లో, యజమాని మారి, అపోలోస్ అని పేరు మారి, ఒక్క సీజన్ ఆడి మూతపడింది.

అదే లీగ్‌లో న్యూయార్క్ కాస్మోస్ ఉండేది. వార్నర్ కమ్యూనికేషన్స్ అనే సినిమా, సంగీతాల కంపెనీ సొంతం. పేలేను కొని తెచ్చారు, బెకెన్‌బావర్‌ను తెచ్చారు. ఫుట్‌బాల్‌లో బ్రాండ్ అనే మాటకు నిలువెత్తు బొమ్మ కాస్మోస్. 1977 సెప్టెంబర్‌లో ఆ జట్టు కలకత్తా వచ్చి ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో ఆడింది. 2-2తో డ్రా. బగాన్ గోల్స్‌లో ఒకటి మన హైదరాబాద్ మహమ్మద్ హబీబ్‌ది. పేలే ఎదురుగా. ఏడేళ్ళకు లీగ్ కుప్పకూలింది, కాస్మోస్ కూడా. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో పోయాడు.

ఇప్పుడు మాకు అట్లాంటా యునైటెడ్ ఉంది. హోమ్ డిపో పెట్టినవాళ్ళలో ఒకరైన ఆర్థర్ బ్లాంక్ సొంతం. 2017లో మొదలై, రెండో ఏడే, 2018 డిసెంబర్ 8న, 73,019 మంది ముందు పోర్ట్‌లాండ్‌ను 2-0తో ఓడించి ఎంఎల్‌ఎస్ కప్ గెలిచింది. మా వైపు తెలుగు పిల్లలు చాలామంది ఆ ఏడే బూట్లు కొనిపించుకున్నారు. క్రికెట్ నాన్నలకు సాకర్ కొడుకులు! ఆ తర్వాత అంత గొప్ప ఏడు మళ్ళీ రాలేదు. 2025లోనైతే భారీగా ఖర్చు పెట్టి కూడా తూర్పు విభాగంలో అడుగు నుంచి రెండో స్థానం. యజమాని డబ్బు తీయలేదని ఎవరూ అనలేరు. కానీ ఇంగ్లండ్‌లో అయితే అడుగున ఉన్న జట్టు ఏప్రిల్, మే నెలల్లో ప్రాణాలకు తెగించి ఆడుతుంది. ఇక్కడ ఓడినవాడికి చలికాలం సెలవులు. వచ్చే ఫిబ్రవరికి సీటు అక్కడే ఉంటుంది. ఆట కంటే బ్రాండ్ ఎక్కువైందన్న కోపానికి అసలు వేరు ఇక్కడ ఉందనుకుంటాను. యజమాని మంచివాడా చెడ్డవాడా అన్నది కాదు, ఓటమికి ధర లేదు.

ఇక ఎదురు తిరిగినవాళ్ళ సంగతి. చరిత్రలో నాకు బాగా నచ్చే భాగం ఇదే.

2017 అక్టోబర్‌లో ఒహాయోలోని కొలంబస్ క్రూ యజమాని, జట్టును టెక్సస్‌లోని ఆస్టిన్‌కు మార్చే ఆలోచన ఉందని ప్రకటించాడు. అభిమానులు సేవ్ ద క్రూ అని ఉద్యమం మొదలుపెట్టారు. జెండాలు, ర్యాలీలు సరే, వాళ్ళ చేతిలో ఒక చట్టం కూడా ఉంది. 1995లో ఆర్ట్ మోడెల్ తన క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టును బాల్టిమోర్‌కు తీసుకుపోతానన్నాక, 1996లో ఒహాయో ఒక చట్టం చేసింది. ప్రజల పన్నుల సొమ్ముతో సాయం పొందిన మైదానంలో ఆడే జట్టు ఊరు వదలాలంటే ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాల్సి ఉండేది, ఆ గడువులో స్థానికులకు కొనుక్కునే అవకాశం ఇవ్వాల్సి ఉండేది. 2018లో ఆ చట్టం పట్టుకునే రాష్ట్రమూ నగరమూ కోర్టుకెక్కాయి. చివరికి కొత్త యజమానులు జట్టును కొన్నారు. క్రూ 2020లో ఒకసారి, 2023లో ఇంకోసారి లీగ్ గెలిచింది. తమాషా ఏమిటంటే, కాపాడిన ఆ కొత్త యజమానులే 2021లో క్రూ పేరు వెనక్కి నెట్టి కొలంబస్ ఎస్‌సీ అని కొత్త బ్రాండు తెచ్చారు. అభిమానులు మళ్ళీ లేచారు. కొన్ని రోజుల్లోనే క్రూ పేరు తిరిగొచ్చింది.

అందరికీ అంత అదృష్టం ఉండదు. బ్రౌన్స్ జట్టు వెళ్ళకుండా ఆపలేకపోయారు. కానీ క్లీవ్‌లాండ్ నగరం పోరాడి ఒకటి సాధించింది: ఆటగాళ్ళు, సామాను బాల్టిమోర్‌కు పోవచ్చు, పేరు, రంగులు, రికార్డులు మాత్రం క్లీవ్‌లాండ్‌వే. 1999లో కొత్త జట్టు ఆ పాత పేరుతోనే దిగింది. ఫుట్‌బాల్‌లో కూడా ఇలా జరిగింది. 2005 ఆఖర్లో సాన్ హోసే ఎర్త్‌క్వేక్స్ హ్యూస్టన్‌కు తరలిపోయినప్పుడు చరిత్రను వెంట తీసుకుపోలేదు. 2008లో సాన్ హోసేకు మళ్ళీ జట్టు వచ్చినప్పుడు 2001, 2003 కప్పులు దానివే అయ్యాయి.

ఇండియాలో కూడా గెలిచినవాళ్ళున్నారు. 2020లో ఏటీకే కంపెనీ మోహన్ బగాన్‌లో మెజారిటీ వాటా తీసుకుని, పేరును ఏటీకే మోహన్ బగాన్ చేసింది. 1889లో పుట్టిన క్లబ్బుకు ఆరేళ్ళ బ్రాండు ముందు తగిలించారు. రిమూవ్ ఏటీకే అని అభిమానులు మూడేళ్ళు వదల్లేదు. జట్టు గెలుస్తున్నా వదల్లేదు, అది ముఖ్యం. 2023 మార్చిలో లీగ్ కప్పు గెలిచిన రోజే యజమాని సంజీవ్ గోయెంకా ఏటీకే తీసేస్తున్నట్టు ప్రకటించాడు. దాని బదులు సూపర్ జయంట్ అని వెనక తగిలించాడనుకోండి, ఆయన క్రికెట్ జట్టు పేరు కలిసొచ్చేలా. పూర్తి విజయం కాదు. కానీ మోహన్ బగాన్ అన్న మాట ముందుకొచ్చింది.

బగాన్ వాళ్ళకు వెనక నూట ముప్పై ఏళ్ళున్నాయి. డెక్కన్ లీజియన్‌కు ఆరు, అందులో రెండు గోవా బబుల్‌లో పోయాయి. అందుకని వాళ్ళను "మీరు పోరాడలేదు" అనడం తప్పు. దేనిమీద నిలబడి పోరాడతారు? చట్టం లేదు, సభ్యత్వం లేదు, ఓటు లేదు. ఒక వింత చెప్పాలి. 2020లో హైదరాబాద్ ఎఫ్‌సీ జర్మనీలోని బొరుస్సియా డార్ట్‌మండ్‌తో ఒప్పందం చేసుకుంది. వాళ్ళదీ పసుపు, నలుపే. డార్ట్‌మండ్ షేర్లు స్టాక్ మార్కెట్‌లో అమ్ముడవుతాయి, అయినా ఓటు అధికారం క్లబ్ సభ్యుల చేతిలోనే ఉండాలని జర్మనీ లీగ్ నియమం. మనకు కోచింగ్ పాఠాలు వచ్చాయి. ఆ ఒక్క నియమం రాలేదు.

హైదరాబాద్‌లో ఆట చచ్చిపోలేదు. శ్రీనిధి డెక్కన్ ఉంది, 2023లోనూ 2024లోనూ ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. గచ్చిబౌలి స్టేడియం ఉంది. 2024 సెప్టెంబర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్ అక్కడే జరిగింది, ఇండియా కోచ్‌గా మనోలో మార్కెజ్ మొదటి మ్యాచ్ ఆ మైదానంలోనే. ఆ ఏడు డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా అక్కడే. ఆ స్టేడియం ప్రభుత్వానిది, అంటే ప్రజల డబ్బు. రేపు ఇంకో కంపెనీ ఇంకో సీటు పట్టుకుని హైదరాబాద్ వచ్చి మైదానం అడిగితే, అద్దె కాగితంలో రెండు వాక్యాలు ఎక్కువ రాయించుకోవచ్చు. వెళ్ళాలంటే ఆరు నెలల ముందు చెప్పాలి. వెళ్ళినా పేరు, చిహ్నం, రికార్డులు ఊరివి. ఒహాయో చట్టం ఇరవై రెండేళ్ళు ఊరికే పడి ఉండి, అవసరమైన రోజు పనికొచ్చింది.

ఇప్పుడైతే 2022 కప్పు ఎవరిదన్న ప్రశ్నకు నాకు జవాబు దొరకడం లేదు. సీటు లెక్కన చూస్తే ఢిల్లీది. కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపింది చార్మినార్ బొమ్మ ఛాతీ మీద పెట్టుకుని.

మా ఊరి సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. ఫుట్‌బాల్ కాదు, ఐస్ హాకీ. అట్లాంటాకు మూడోసారి ఎన్‌హెచ్‌ఎల్ జట్టు తెద్దామని ఇక్కడ పోటీ పడుతున్నారు. 2024లో మాజీ ఆటగాడు ఆన్సన్ కార్టర్ బృందం అల్ఫారెట్టాలో నార్త్ పాయింట్ మాల్ ఉన్న చోట స్టేడియం కడదామని ముందుకొచ్చింది. పక్కనే ఫోర్సైత్ కౌంటీలో ఇంకో ప్రతిపాదన ఉంది. ఇలాంటి వాటిలో పన్నుల సొమ్ము ఎంత అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది, మన తెలుగు ఇళ్ళు ఎన్నో ఈ రెండు చోట్లా పన్నులు కడుతున్నాయి. ఊరి సమావేశాలకు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, పార్కింగ్ గురించి, ట్రాఫిక్ గురించి అడిగాక, "జట్టు వెళ్ళిపోతే ఏమిటి?" అని కూడా అడగండి. ఫ్లేమ్స్ ఎనిమిదేళ్ళున్నారు, థ్రాషర్స్ పన్నెండేళ్ళు.

ఇంకో విన్నపం. హైదరాబాద్ పోలీస్ జట్టును ఫతే మైదాన్‌లో చూసినవాళ్ళు ఇప్పుడు ఎనభై దాటి ఉంటారు. మీ ఇంట్లో అలాంటి తాతయ్యో, నానాజీయో ఉంటే, తెలుగైనా ఉర్దూ అయినా సరే, ఫోన్‌లో పది నిమిషాలు రికార్డు చేసి పంపండి. రహీం సాబ్ గురించి, టికెట్ ధర గురించి, మ్యాచ్ అయ్యాక ఎక్కడ చాయ్ తాగేవాళ్ళో దాని గురించి, ఏది గుర్తుంటే అది. వచ్చే నెల ఒక ఎపిసోడ్ పూర్తిగా ఆ గొంతులతోనే చేద్దామనుకుంటున్నాను.